గేర్ బాక్స్ మీద పట్టేసిన క్లచ్ బేరింగ్ తీయడం

సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కి, పొట్టంగి మీదుగా కొరాపుట్ చేరే 26వ నంబరు జాతీయ రహదారి మీద తిరిగే కారుకి, మైదానంలో తిరిగే కారుకి క్లచ్ అరుగుదలలో చాలా తేడా ఉంటుంది. కొరాపుట్ సముద్ర మట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తులో ఉంది. ఆ ఎత్తు ఎక్కేటప్పుడు లోడు లారీల వెనక ఒకటో గేరులోనో, రెండో గేరులోనో సగం క్లచ్ తొక్కి పాకాల్సిందే. సగం క్లచ్ తొక్కినంతసేపూ రిలీజ్ బేరింగ్ మీద, అంటే పెడల్ తొక్కినప్పుడు క్లచ్‌ని విడదీసే క్లచ్ బేరింగ్ మీద, బరువు ఉంటుంది. దానికి తోడు ఎండాకాలం ఎర్ర దుమ్ము, వానాకాలం గెడ్డల నీళ్లు. అందుకే రాయగడ, జయపురం, గునుపురం వైపు షెడ్లలో గేర్ బాక్స్ దింపేసరికి బేరింగ్ తను జారే గొట్టం (గైడ్ ట్యూబు) మీద బిగుసుకుపోయి, చేత్తో ఎంత లాగినా కదలకుండా ఉండటం తరచూ చూస్తాం.

అక్కడే చాలామంది టామీ (ఇనప కడ్డీ) పెట్టి ఎత్తేస్తారు. బేరింగ్ వస్తుంది, దాంతోపాటు బెల్ హౌసింగ్ (క్లచ్‌ని కప్పే గంట ఆకారపు గేర్ బాక్స్ ముందు భాగం) అంచు చిట్లుతుంది, లేదా గైడ్ ట్యూబు వంకర తిరుగుతుంది. 1,000 రూపాయల బేరింగ్ కోసం గేర్ బాక్స్ కేసు పోగొట్టుకోవడం నిజంగా బాధ కలిగించే విషయం. ఎందుకంటే పట్టేసిన బేరింగ్‌కి బలం అక్కర్లేదు. అది ఏ దారిన బయటికి రావాలో ఆ దారి శుభ్రం చేసి, లాగడానికి ముందు తిప్పగలిగితే, నూటికి తొంభై సార్లు మామూలుగానే వచ్చేస్తుంది.

గేర్ బాక్స్ దింపే ముందు ఒక చిన్న పరీక్ష

పెడల్ బరువెక్కింది, తొక్కితే తెరలు తెరలుగా దిగుతోంది, వదిలితే పూర్తిగా పైకి రావడం లేదు, బండి కదిలేటప్పుడు ఒణుకుతోంది. ఇవి బేరింగ్ ట్యూబు మీద పట్టేసిందనడానికి గుర్తులు. కానీ ఇవే గుర్తులు కేబుల్ పాడైనా వస్తాయి. మారుతి 800, ఓమ్ని, పాత ఆల్టో లాంటి కేబుల్ క్లచ్ బండ్లకి, గేర్ బాక్స్ దగ్గర కేబుల్ కొన విప్పి, ఫోర్కు (బేరింగ్‌ని తోసే మీట) బయటి కొనని చేత్తో ఆడించి చూడండి. ప్రెషర్ ప్లేటు (క్లచ్ ప్లేటుని ఫ్లైవీలుకి అదిమిపట్టే పళ్లెం) వేళ్లకి బేరింగ్ తగిలేవరకూ అది తేలిగ్గా, ఒకే తీరున కదలాలి. అలా కదిలితే లోపం కేబుల్‌లో ఉంది, గేర్ బాక్స్ దింపే పని లేదు. గరగరమంటూ ఆగి ఆగి కదిలితేనో, అసలు కదలకపోతేనో లోపల పట్టేసింది.

శబ్దం కూడా వినాలి. ఇంజను నడుస్తూ న్యూట్రల్‌లో ఉండగా పెడల్ తొక్కినప్పుడు శబ్దం మొదలైతే అది రిలీజ్ బేరింగ్. తొక్కగానే శబ్దం ఆగిపోయి, వదిలితే మళ్లీ వస్తే అది గేర్ బాక్స్ ఇన్‌పుట్ షాఫ్టు (క్లచ్ నుంచి గేర్ బాక్స్‌లోకి వెళ్లే కడ్డీ) బేరింగ్. ఈ రెండోది రిలీజ్ బేరింగ్ మార్చినంత మాత్రాన పోదు. గేర్ బాక్స్ ఎలాగూ దించుతున్నారు కాబట్టి ఆ మాట కస్టమర్‌కి ముందే చెప్పడం మంచిది.

గేర్ బాక్స్ దింపే తీరు ఒక్కో బండిది ఒక్కోలా ఉంటుంది, దాని జోలికి పోను. రెండు జాగ్రత్తలు మాత్రం అన్నిటికీ ఒకటే. బ్యాటరీ నెగటివ్ తీసి, బండిని జాకీ మీద కాకుండా స్టాండ్ల మీద నిలబెట్టాలి. బోల్టులన్నీ విప్పాక గేర్ బాక్స్ బరువు ఇన్‌పుట్ షాఫ్టు మీద వేలాడనివ్వకూడదు. అలా వేలాడితే క్లచ్ ప్లేటు మధ్యలోని హబ్బు వంగుతుంది. కొత్త ప్లేటు వేసినా క్లచ్ పూర్తిగా విడవదు, గేర్లు గరగరమంటాయి.

అసలు అది ఎందుకు పట్టేస్తుంది

ఇన్‌పుట్ షాఫ్టు చుట్టూ గేర్ బాక్స్ ముఖానికి ఒక గొట్టం ఉంటుంది, అదే గైడ్ ట్యూబు. బేరింగ్ ఒక క్యారియర్‌లో కూర్చుని, ఆ ట్యూబు మీద ముందుకీ వెనక్కీ జారుతుంది. ఫోర్కు దాన్ని ఇంజను వైపు తోస్తే అది ప్రెషర్ ప్లేటు వేళ్లని నొక్కుతుంది. జారే దూరం చాలా తక్కువ, సుమారుగా 8 నుంచి 12 మిల్లీమీటర్లు. ఏళ్ల తరబడి అంత దూరమే జారుతుంది కాబట్టి, ట్యూబు మీద ఆ మేరకే అరిగి నునుపెక్కుతుంది. దాని అవతల, షాఫ్టు కొన వైపున్న భాగాన్ని బేరింగ్ ఎప్పుడూ తాకదు. అక్కడ తుప్పు పేరుకుంటుంది, అరిగిన చోటికీ అరగని చోటికీ మధ్య ఒక సన్నని మెట్టు లేస్తుంది. గోరుతో రాస్తే తగులుతుంది. మనం బయటికి లాగేటప్పుడు బేరింగ్ ఆ మెట్టు దగ్గరే చిక్కుకుంటుంది. దాని వెనకే తుప్పు పొడి, ఎండిన గ్రీజు, క్లచ్ ప్లేటు నుసి కలిసి సిమెంటులా గట్టిపడిన మడ్డి ఉంటుంది.

ఈ మడ్డి అంత ఎందుకు చేరుతుందంటే, ఫోర్కు బయటికి వచ్చే రంధ్రానికి ఉండే రబ్బరు బూటు చిరిగిపోవడం వల్ల. ఆ బూటు ఖరీదు చాలా తక్కువ. దాన్ని ఎవరూ పట్టించుకోరు. చిరిగిన బూటుతో గెడ్డ దాటినా, దామంజోడి వైపు ఎర్ర మట్టి రోడ్ల మీద తిరిగినా లోపలికి నీళ్లూ దుమ్మూ పోతాయి. నెలల తరబడి వానలో కదలకుండా నిలబెట్టిన బండిలో తుప్పు ఇంకా తొందరగా పడుతుంది.

పట్టేయడానికి ఇంకో కారణం బేరింగ్ లోపలే విరగడం. గోళీలు పగిలి, రేసు (గోళీలు తిరిగే ఉక్కు వలయం) వేడెక్కి, క్యారియర్ ట్యూబుకి అతుక్కుపోతుంది. క్యారియర్ నైలాన్‌ది అయితే కరిగి ట్యూబుకి పూతలా పట్టేస్తుంది. ఏది జరిగిందో చూడకుండా చేయి పెడితే తప్పు పద్ధతి ఎంచుకుంటాం. అందుకే టార్చి వేసి ముందు చూడాలి. ఎర్రటి తుప్పు కనిపిస్తే నూనె, ఎమెరీ పనిచేస్తాయి. నీలం రంగు తిరిగిన ఉక్కు, కరిగిన నలుపు ప్లాస్టిక్ కనిపిస్తే నూనెతో లాభం లేదు, నేరుగా వేడి గాలి దగ్గరికో, కోత దగ్గరికో వెళ్లాలి.

ముందు దుమ్ము, తర్వాత ఫోర్కు

గేర్ బాక్స్‌ని బెల్ నోరు పైకి ఉండేలా రెండు చెక్కముక్కల మీద నిలబెట్టండి. ఎయిర్ కొట్టకండి. పాత, చవక రకం క్లచ్ ప్లేట్లలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. ఆ నుసి గాల్లోకి లేస్తే మీరూ, పక్కన పనిచేసే కుర్రాళ్లూ పీల్చాల్సి వస్తుంది. బ్రేక్ క్లీనరో, సబ్బు నీళ్లో చల్లి తడిపి, తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డని కవర్లో కట్టి పారేయండి. మూతికి గుడ్డ కట్టుకుంటే చాలదు, మాస్కు పెట్టుకోవాలి.

బేరింగ్ ఫోర్కుకి ఎలా పట్టుకుని ఉందో ఫోన్‌లో రెండు మూడు వైపుల నుంచి ఫొటో తీసుకోండి. క్లిప్పు ఏ వైపు తిరిగి ఉంది, ఫోర్కు ఏ ముఖం పైకి ఉంది, ఇవి తిరిగి బిగించేటప్పుడు గుర్తుండవు. సాధారణంగా రెండు రకాలు కనిపిస్తాయి. ఒకటి, ఫోర్కు మధ్యలో ఒక గుండు బోల్టు మీద ఆనుకుని తూగే రకం. దీనికి వెనక ఒక స్ప్రింగు క్లిప్పు ఉంటుంది. ఫోర్కు బయటి కొనని కిటికీ (కేసులో ఫోర్కు బయటికి వచ్చే రంధ్రం) వైపు సూటిగా లాగితే క్లిప్పు గుండు నుంచి విడుతుంది. విడవకపోతే చదునైన స్క్రూడ్రైవర్ని క్లిప్పు కింద పెట్టి కొంచెం తిప్పాలి. గుండు పైన తుప్పుంటే ముందు నూనె. రెండోది, ఫోర్కు ఒక అడ్డ షాఫ్టుకి బిగిసి, ఆ షాఫ్టు మొత్తం తిరిగే రకం. ఇందులో ఫోర్కుని షాఫ్టుకి పట్టి ఉంచే బోల్టో, పిన్నో తీసి, పై బుష్ తప్పించి, షాఫ్టుని పైకి జారిస్తే ఫోర్కు విడుతుంది. ఆ బోల్టు తుప్పు పడితే తల తిరిగిపోకుండా ఆరు మూలల సాకెట్టే వాడాలి. పన్నెండు మూలల సాకెట్టు ఇక్కడ పనికిరాదు.

ఫోర్కు విడదీయడం ఎందుకు ముఖ్యమంటే, అది బిగిసి ఉన్నంతసేపూ బేరింగ్ తిరగదు. తిరగనిది లాగడం కష్టం. కొందరు ఫోర్కునే టామీలా వాడి బేరింగ్‌ని బయటికి తోస్తారు. దాంతో ఫోర్కు వేళ్లు వంగుతాయి, క్యారియర్ చెవులు విరుగుతాయి, అయినా బేరింగ్ రాదు.

దారి శుభ్రం చేయడం

ఫోర్కు తీశాక ఒక్కసారి చేత్తో బేరింగ్‌ని ఎడమకీ కుడికీ తిప్పి చూడండి. తిరిగితే సగం పని అయినట్టే. తిరగకపోయినా, తిరిగినా, తర్వాత చేయాల్సింది ఒకటే: బేరింగ్ ముందు కనిపించే ట్యూబు భాగాన్ని మెరిసేదాకా రుద్దడం.

180 నంబరు ఎమెరీ గుడ్డని వేలెడు వెడల్పు పట్టీగా చించి, ట్యూబు చుట్టూ వేసి, రెండు కొనలూ పట్టుకుని అటూ ఇటూ లాగాలి. తుప్పు పోయాక 400 నంబరు వాటర్ పేపరుతో అదే పని మళ్లీ. ట్యూబుని తగ్గించడం కాదు ఉద్దేశం, దాని మీద లేచినదాన్ని తీయడం. మెట్టు ఇంకా గోరుకి తగులుతుంటే సన్న ఆకురాయితో ఆ అంచుని మాత్రమే దించాలి, చుట్టూ ఒకేలా. ట్యూబు కొన మీద పాత దెబ్బలకి లేచిన పొలుసు ఉంటే దాన్నీ తీసేయాలి. షాఫ్టు మీద గాడులుంటాయి కాబట్టి, ఎమెరీ పొడి ట్యూబు లోపలికి పోకుండా ట్యూబు కొనకీ షాఫ్టుకీ మధ్య గ్రీజు రాసిన గుడ్డ పేలిక దూర్చండి. ఆ పొడి ఆయిల్ సీలు దాకా పోతే, కొత్త సీలు వేసినా నెలలో కారుతుంది.

ఇప్పుడు నూనె. డబ్ల్యూడీ-40 లాంటి స్ప్రే అయినా, డీజిలు అయినా, గేర్ ఆయిలూ కిరసనాయిలూ కలిపినదైనా పనిచేస్తుంది. ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఆయిలూ అసిటోనూ సగం సగం కలిపితే ఇంకా బాగా దూరుతుంది, కానీ అసిటోను రబ్బరు సీలుని పాడు చేస్తుంది, నిప్పు అంటుకునే గుణం ఎక్కువ. సీలు ఎలాగూ మార్చేటప్పుడే అది వాడాలి, దగ్గర్లో బీడీ కూడా ఉండకూడదు. ఏది వాడినా క్యారియర్ రెండు వైపులా, ముందూ వెనకా, నాలుగైదు చుక్కలే. గేర్ బాక్స్ నిలబెట్టి ఉంది కాబట్టి వెనక వైపుకి చేరాలంటే సన్న గొట్టం ఉన్న స్ప్రే కావాలి, లేకపోతే సిరంజి. అరగంట ఆగి మళ్లీ వేయండి. మధ్యలో క్యారియర్ చుట్టూ రాగి లేదా ఇత్తడి కడ్డీతో చిన్న చిన్న దెబ్బలు వేస్తూ ఉంటే కంపనానికి నూనె లోపలికి దూరుతుంది. గట్టిగా కొట్టాల్సిన అవసరం లేదు. బేరింగ్ రేసు మీద సుత్తితో నేరుగా ఎప్పుడూ కొట్టకండి, అది గట్టిపరిచిన ఉక్కు, పెచ్చు ఎగిరి కంట్లో పడుతుంది.

తర్వాత తిప్పడం. రబ్బరు చేతితొడుగు వేసుకుని రెండు చేతులా పట్టుకుని తిప్పండి. కదలకపోతే పట్టీ రెంచితో. అదీ లేకపోతే క్యారియర్ చెవికి చెక్క ఆన్చి చిన్న దెబ్బ ఒకసారి ఇటు, ఒకసారి అటు. పావు అంగుళం కదిలినా చాలు, ఆ కదలికకి నూనె చుట్టూ తిరుగుతుంది, మడ్డి నలుగుతుంది. అర చుట్టు వచ్చేదాకా ఓపిగ్గా అటూ ఇటూ తిప్పాలి. అప్పుడు తిప్పుతూనే పైకి లాగండి. 2 మిల్లీమీటర్లు పైకి వచ్చి ఆగితే బలవంతం చేయకుండా మళ్లీ కిందికి దించి, బయటపడ్డ మడ్డి తుడిచి, నూనె వేసి మళ్లీ. ఇలా పైకీ కిందికీ తీసుకురావడం వల్లే ట్యూబు గీతలు పడకుండా మిగులుతుంది.

పుల్లర్, లేదా ట్యూబుతో సహా

తిరుగుతోంది కానీ పైకి రావడం లేదంటే పుల్లర్ (కాళ్లతో పట్టి, స్క్రూ తిప్పి లాగే పనిముట్టు) పెట్టొచ్చు. రెండు కాళ్ల పుల్లర్ కన్నా మూడు కాళ్లది మేలు, లాగే బలం మూడు వైపులా సమానంగా పడుతుంది. ఒక పక్కే లాగితే క్యారియర్ వాలి, ట్యూబు మీద అడ్డంగా ఇరుక్కుంటుంది, ఇక ఎంత లాగితే అంత గట్టిగా పట్టుకుంటుంది. టామీలు పెట్టినా ఎదురెదురుగా రెండు పెట్టి, ఇద్దరూ ఒకేసారి ఎత్తాలి, వాటి కింద అల్యూమినియం కేసు మీద మందపాటి చెక్క ఉండాలి. పుల్లర్ స్క్రూ కొన షాఫ్టు కొన మీద ఆనుతుంది. ఆ కొనే ఫ్లైవీలు మధ్యలోని చిన్న బేరింగ్‌లో కూర్చునేది అయితే దానికి చిన్న గీత పడినా కష్టం, మధ్యలో ఇత్తడి బిళ్ల పెట్టండి. పుల్లర్ బిగించి వదిలేసి, అటూ ఇటూ తిప్పుతూ తట్టండి. బిగింపు పెంచుకుంటూ పోవడం వల్ల లాభం లేదు. బలమంతా షాఫ్టు ద్వారా గేర్ బాక్స్ లోపలి బేరింగ్ మీద పడుతుంది.

చాలా గేర్ బాక్సుల్లో గైడ్ ట్యూబు విడిగా ఉంటుంది. మూడో నాలుగో చిన్న బోల్టులతో కేసుకి బిగించి ఉంటుంది. పానాకి ఆ బోల్టులు అందితే, నా మటుకు, ఇదే మంచి దారి: బేరింగ్‌ని ట్యూబు మీద ఉంచేసి, ట్యూబుతో సహా విప్పి తీసి, వైసులో చెక్కలు పెట్టి బిగించి, తీరిగ్గా విడదీయొచ్చు. షాఫ్టుకీ, కేసుకీ దెబ్బ తగిలే ప్రమాదమే ఉండదు. లేత్ షాపులో ప్రెస్ ఉంటే ఒక్క నిమిషం పని. మూడు విషయాలు గుర్తుంచుకోవాలి. ట్యూబు తీస్తే గేర్ ఆయిలు కారుతుంది, ముందే దించేయాలి. ట్యూబు వెనక సన్న షిమ్ములు (పలుచని రేకు రింగులు) ఉంటే అవి లోపలి బేరింగ్ బిగువుని నిర్ణయిస్తాయి, వాటి సంఖ్యా వరసా మారకూడదు, దారానికి గుచ్చి పక్కన పెట్టండి. సీలూ, ఓ-రింగో గాస్కెట్టో ఏదుంటే అది కొత్తది వేయాలి. బోల్టులు సాధారణంగా ఎం6 ఉంటాయి. 8.8 గ్రేడు ఎం6 బోల్టుకి దాదాపు 10 న్యూటన్ మీటర్లు చాలు, అల్యూమినియం మరలో అంతకుమించి బిగిస్తే మర ఊడొస్తుంది. ఆయిలు రంధ్రంలోకి తెరుచుకునే బోల్టులకి మర సీలెంట్ రాయాలి.

వేడి, చివరికి కోత

గ్యాసు మంట ఇక్కడ వద్దు. చుట్టూ అల్యూమినియం, లోపల రబ్బరు సీలు, అంతా నూనె, ఆవిరి. హీట్ గన్ ఉంటే అది, లేకపోతే మరిగే నీళ్లలో ముంచిన గుడ్డ క్యారియర్ చుట్టూ చుట్టడం. 35 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న ఉక్కు క్యారియర్ వేడి 80 డిగ్రీలు పెరిగితే రంధ్రం దాదాపు 0.03 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అల్యూమినియం క్యారియర్ అయితే దానికి దాదాపు రెట్టింపు. చిన్న సంఖ్యే, కానీ తుప్పు పట్టు విడవడానికి చాలు. అసలు కిటుకు ఏమిటంటే ట్యూబు చల్లగా ఉండాలి. రెండూ కలిసి వేడెక్కితే రెండూ కలిసి పెరుగుతాయి, సందు రాదు. అందుకని తొందరగా వేడి చేసి, వెంటనే తిప్పాలి. అసిటోను, బ్రేక్ క్లీనరు వాడిన చోట పూర్తిగా ఆరాకే హీట్ గన్ తీయండి.

కరిగి అతుక్కున్న నైలాన్‌కి వేడి గాలి ఇచ్చి మెత్తబరిచి, చాకుతో నిలువునా గీసి ఒలిచేయొచ్చు. ట్యూబుకి మిగిలిన పొరని ప్లాస్టిక్ ముక్కతో గీకి, తర్వాత వాటర్ పేపరు పట్టించాలి.

ఏదీ పనిచేయకపోతే కోయాలి. బేరింగ్ ఎలాగూ పారేసేదే కాబట్టి మొహమాటం అక్కర్లేదు, కాపాడాల్సింది ట్యూబునీ, షాఫ్టునీ. హ్యాక్సా బ్లేడు గట్టిపరిచిన రేసుని కోయలేదు, దాని పళ్లే పోతాయి. నాలుగంగుళాల గ్రైండరుతో, సన్న కటింగ్ డిస్కుతో, షాఫ్టు పొడవునా ఒకే గీతగా కోయాలి. ముందు బయటి రేసు, తర్వాత లోపలిది, చివరికి క్యారియర్. క్యారియర్‌లో అర మిల్లీమీటరు మందం మిగలగానే ఆపి, ఆ గాడిలో ఉలి పెట్టి తిప్పితే అది చిట్లి విచ్చుకుంటుంది. ఆ అర మిల్లీమీటరూ కోయాలని ఆశపడితే డిస్కు ట్యూబులో గాడి వేస్తుంది. పని మొదలెట్టే ముందు షాఫ్టునీ, సీలు నోటినీ తడి గుడ్డతో చుట్టి, దానిపైన రేకు ముక్క కప్పండి. నిప్పురవ్వల్లో వచ్చే ఉక్కు పొడి గేర్ బాక్స్‌లోకి పోతే బేరింగులన్నీ తినేస్తుంది. కళ్లద్దాలు, మొహానికి షీల్డు, రెండూ ఉండాలి.

లోపలే సిలిండరు ఉన్నవి

కొన్ని కొత్త బండ్లకి ఫోర్కే ఉండదు. బేరింగూ హైడ్రాలిక్ సిలిండరూ ఒకే ముక్కగా షాఫ్టు చుట్టూ కూర్చుని ఉంటాయి. వీటిని లాగకూడదు, విప్పాలి. ద్రవం గొట్టం క్లిప్పు తీసి, ఆ ద్రవం పెయింటు మీద పడకుండా గుడ్డ పట్టి, సాధారణంగా ఉండే రెండు మూడు బోల్టులు విప్పితే వస్తుంది. రాకపోతే సిలిండరు అడుగు అల్యూమినియం కేసు గాడిలో తుప్పుతో అంటుకుని ఉన్నట్టు. అడుగు అంచు చుట్టూ నూనె వేసి, కొంచెం కొంచెం తిప్పాలి. ప్లాస్టిక్ భాగం పట్టుకుని లాగితే విరిగి చేతికి వస్తుంది. కొత్తది బిగించాక, గేర్ బాక్స్ బండికి ఎక్కక ముందు, ఎవరినీ పెడల్ తొక్కనివ్వకండి. ఎదురు ఒత్తిడి లేకపోవడంతో పిస్టన్ బయటికి వచ్చి సీలు పోతుంది. గేర్ బాక్స్ దింపితే వీటిని పాతదే మళ్లీ వేయడం తప్పు లెక్క, కొత్తదే వేయాలి.

లాగే రకం క్లచ్ కూడా ఒకటుంది, పెద్ద లారీల్లో ఎక్కువ, కార్లలో అరుదు. అందులో బేరింగ్ ప్రెషర్ ప్లేటుకి లాక్ అయి ఉంటుంది. బోల్టులన్నీ తీసినా గేర్ బాక్స్ వెనక్కి రాకపోతే దాన్ని గుంజకుండా, కిటికీలోంచి ఆ లాక్ రింగు విడదీయాలా అని ముందు చూడండి.

బయటికి వచ్చాక చూడాల్సినవి

ట్యూబుని పూర్తిగా తుడిచి, వర్నియర్‌తో మూడు చోట్ల కొలవండి: కొన దగ్గర, మధ్యలో, మొదట్లో. ప్రతిచోటా రెండు దిక్కుల్లో. అరిగిన చోట గోరు ఆగేంత గాడి ఉంటే ట్యూబు మార్చాలి. పాత ట్యూబు మీద కొత్త బేరింగ్ వేస్తే అది ఆ గాడిలో వాలి, కొన్ని నెలల్లోనే మళ్లీ ఇదే పని. గేర్ బాక్స్ నిలబెట్టి, గ్రీజు రాయకుండా కొత్త బేరింగ్‌ని ట్యూబు మీద వదలండి. తన బరువుకి తానే కిందిదాకా జారాలి. అక్కడక్కడ ఆగితే అక్కడ ఇంకా ఏదో ఉంది.

ఫోర్కు వేళ్ల కొనలు చదునుగా అరిగాయా, గుండు బోల్టు నెత్తి పోయిందా, అడ్డ షాఫ్టు బుష్‌లు వదులయ్యాయా చూడాలి. బుష్ వదులైతే ఫోర్కు వాలి, బేరింగ్‌ని ఒక పక్కే తోస్తుంది, అదే మళ్లీ పట్టేయడానికి మొదలు. ప్రెషర్ ప్లేటు వేళ్లు అన్నీ ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో స్కేలు పెట్టి చూడండి. రబ్బరు బూటు చిరిగితే కొత్తది తప్పనిసరి. దొరకలేదని గుడ్డ కుక్కితే ఆ గుడ్డే నీళ్లు పట్టి ఉంచుతుంది.

సామాను విజయనగరం నుంచో విశాఖ నుంచో బస్సు పార్సిల్‌లో తెప్పించుకునేటప్పుడు బండి పేరొక్కటే చెప్తే సరిపోదు. ఒకే పేరుతో రెండు మూడు ఇంజన్లు, రెండు రకాల గేర్ బాక్సులు ఉంటాయి. తయారైన సంవత్సరం, ఇంజను రకం, గేర్ బాక్స్ మీది నంబరు చెప్పాలి. పాత బేరింగ్ మీద అక్షరాలు కనిపిస్తే వాటి ఫొటో పంపాలి. వాలియో, లుక్, ఎక్సెడీ, ఎస్‌కేఎఫ్ లాంటి పేర్లకి నకిలీలు బజారులో తిరుగుతుంటాయి, సీలు విప్పని డబ్బాలోదే తీసుకోండి. వచ్చిన బేరింగ్‌ని పాతదాని పక్కన పెట్టి, లోపలి వ్యాసం, ఎత్తు, చెవుల వెడల్పు పోల్చాకే గేర్ బాక్స్ దగ్గరికి తీసుకెళ్లండి. ఒకటి రెండు మిల్లీమీటర్ల ఎత్తు తేడా కూడా పెడల్ దగ్గర తెలుస్తుంది.

కొత్త బేరింగ్‌ని పెట్రోలులోనో డీజిలులోనో కడిగే అలవాటు కొన్ని చోట్ల ఉంది. అది సీలు వేసి, లోపల గ్రీజు నింపి వచ్చేది. కడిగితే ఆ గ్రీజు పలుచనై కారిపోతుంది, కొండ ఎక్కే లోపే అరవడం మొదలెడుతుంది.

గ్రీజు ఎక్కువ వేడి తట్టుకునేది, మోలీ (మాలిబ్డినం డైసల్ఫైడ్) కలిసినది అయితే మంచిది. ట్యూబు మీద రాసి, గుడ్డతో తుడిచాక మిగిలే పొర చాలు. ఫోర్కు వేళ్లు తాకే చోట, గుండు మీద, షాఫ్టు గాడుల్లో కూడా అంతే. గాడుల్లో పెట్టాక క్లచ్ ప్లేటుని ఒకసారి ఎక్కించి, తీసి, బయటికి నెట్టుకొచ్చినది తుడిచేయండి. మిగిలితే తిరిగేటప్పుడు ప్లేటు మీదికి చిమ్ముతుంది, క్లచ్ జారుతుంది. లోపల ప్లాస్టిక్ పొర ఉన్న క్యారియర్లలో కొన్ని ఎండుగానే నడవాలి. డబ్బాతో వచ్చిన కాగితంలో గ్రీజు రాయొద్దని ఉంటే రాయొద్దు, ఆ గ్రీజుకి దుమ్ము అంటుకుని మళ్లీ మడ్డి తయారవుతుంది.

బేరింగ్, ఫోర్కు, క్లిప్పు బిగించాక ఫోర్కుని చేత్తో మొత్తం దూరం ఆడించి, బేరింగ్ దాంతోపాటే వెళ్లి, దాంతోపాటే తిరిగి వస్తోందా చూడండి. తిరిగి రాకపోతే క్లిప్పు కూర్చోలేదు. గేర్ బాక్స్ ఎక్కించేటప్పుడు ఫోర్కు జారి బేరింగ్ నుంచి తప్పుకోవడం తరచూ జరుగుతుంది, పని మొత్తం అయ్యాక పెడల్ ఊరికే దిగిపోతేనే అది తెలుస్తుంది. ఫోర్కు బయటి కొనని సైకిల్ ట్యూబు ముక్కతో బెల్ హౌసింగ్‌కి కట్టి ఉంచితే తప్పుకోదు, ఎక్కించాక కోసేయొచ్చు. గేర్ బాక్స్ కేసు ఇంజనుకి చేత్తోనే పూర్తిగా ఆనాలి. చుట్టూ సందు ఉండగా బోల్టులు బిగించి దగ్గరికి లాగితే షాఫ్టు గాడులు ప్లేటులో కూర్చోకుండానే బలం పడి, ప్లేటు హబ్బో, కేసు చెవో విరుగుతుంది.

కేబుల్ బండి అయితే పెడల్ ఆట (క్లచ్ విడవడం మొదలయ్యేలోపు పెడల్ ఊరికే కదిలే దూరం) బండి మాన్యువల్లో ఉన్న కొలతకి సర్దాలి. ఆట లేకపోతే బేరింగ్ ప్లేటు వేళ్లని ఎప్పుడూ తాకుతూ తిరుగుతూనే ఉంటుంది. హైడ్రాలిక్ అయితే గాలి తీయాలి, మాన్యువల్ చెప్పిన డాట్-3 లేదా డాట్-4 బ్రేక్ ద్రవం, కొత్త డబ్బాలోది. గేర్ ఆయిలు నింపి లెవెల్ చూశాక, ఇంజను ఆన్ చేసి పెడల్ పదిహేను ఇరవై సార్లు తొక్కి వదిలి, రివర్సు గేరు శబ్దం లేకుండా పడుతుందా చూడండి. ఘాట్ రోడ్డు ఒకసారి తిరిగి వచ్చాక కేబుల్ ఆట మళ్లీ కొలవండి. కొత్త ప్లేటూ కేబులూ సర్దుకునేటప్పుడు అది కాస్త మారుతుంది.